అత్తయ్యగారి నిమ్మచెక్క

తొంభైల్లో, నా పెళ్ళయిన కొత్తలో, అత్తయ్యగారితో కలిసి రావులపాలెం నుంచి బస్సులో రాజమండ్రి వెళ్ళాను. అక్కడ గోదావరి గట్టున ఒక జమీందారుగారు తన పాత మేడ నిండా బొమ్మలూ పటాలూ సేకరించి, ఆదివారాలు అందరినీ చూడనిచ్చేవారు.

నేను పటాలు చూస్తూ పక్క గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అత్తయ్యగారు, బస్సులో వికారం రాకుండా వాసన చూడటానికి తెచ్చుకున్న నిమ్మచెక్కతో, నల్లటి ఇత్తడి దీపపు సెమ్మెను పరపరా తోముతున్నారు! అప్పటికే సగం బంగారంలా మెరిసిపోతోంది. గుమ్మంలో జమీందారుగారు నిలబడి చూస్తున్నారు.

"అమ్మా, ఆ నలుపు మూడొందల ఏళ్ళదండి" అన్నారాయన, ఏడవలేక నవ్వుతూ.

"అయ్యో రాత! మూడొందల ఏళ్ళుగా ఈ ఇంట్లో ఒక్కరూ తోమలేదా అండీ?" అన్నారు అత్తయ్యగారు.

వెనక నుంచి ఆయన భార్య కిసుక్కున నవ్వారు. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేనూ అదే మొత్తుకుంటున్నానండి. వింటేగా!"

ఆ నవ్వే మమ్మల్ని గట్టెక్కించింది. పైగా కాఫీలు కూడా ఇచ్చారు.

మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాం. సెమ్మె సగం నలుపు, సగం మెరుపుగా అలాగే ఉంది. "ముట్టుకోరాదు" అన్న పాత బోర్డు కింద కొత్త రంగుతో ఇంకో మాట చేర్చారు: "తోమరాదు."

అత్తయ్యగారు అది చదివి నిట్టూర్చారు. "మరి మిగతా సగం ఎవరు తోముతారే?"

నేను గబుక్కున ఆవిడ చేతిసంచి లాక్కున్నాను.