బండిని పరుగులోనే చూడాలన్న మస్తాన్ అన్నయ్య

నందిగామ మెకానిక్ షేక్ మస్తాన్ వలీ గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు చెయ్యి రాలేదు. మధ్యాహ్నం టీ చెప్పి, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని, టీ వచ్చేలోగా వెళ్లిపోయారు. మా డ్రైవర్ వెంకటేశ్వర్లు ఫోన్ చేసి "అమ్మా, మస్తాన్ గారు పోయారంట" అన్నప్పుడు ముందు నాకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. "పొద్దున్నేగా మాట్లాడా, నోటికొచ్చినట్టు వాగకు" అని కసిరాను. అటువైపు నుంచి వెంకటేశ్వర్లు ఏడుపు వినపడింది. అప్పుడు నమ్మక తప్పలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన ఇంకా కాలేదు. ఈలోగా మా ప్రాంతపు డ్రైవర్లంతా కలిసి ఆయన జ్ఞాపకంగా ఒక సంచిక వేస్తున్నామని, "మీరు తెలుగు ఎమ్మే కదండీ, నాలుగు బరువైన మాటలేసి రాయండి" అని అడిగారు. బరువైన మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. అజాతశత్రువు అని మొదలుపెట్టాను. అక్కడే కలం ఆగిపోయింది. అన్నయ్యకు శత్రువుల కొదవ ఎక్కడిది? ఇంజను కుతకుత ఉడుకుతుండగా రేడియేటర్ మూత తీసినవాడు శత్రువు. గరికపాడు ధాబా దగ్గర చల్లనీళ్లు గుమ్మరించి, అలాగే తోలుకొచ్చినవాడు పరమ శత్రువు. బండి చూడకుండానే రేడియేటర్ మార్చమన్న తోటి మెకానిక్కు నందిగామ నడిబజారులో శాపనార్థాలు తప్పేవి కావు. నిరాడంబరుడు అని రాద్దామన్నా కుదరదు. "వేడెక్కిన బండిని నాలాగా పట్టేవాడు హైదరాబాదు రోడ్డు మీద ఇంకోడు లేడు" అని ఆయనే చెప్పుకునేవారు. అతిశయోక్తి అనడానికి నాకు ఆధారం దొరకలేదు.

నాకు ఆయనతో పరిచయమైంది ఒక సంకటంలో. జగ్గయ్యపేటలో మాకొక పాత డీజిల్ వ్యాను ఉంది. మా ఆయన పోయాక దాన్ని నేనే నడిపిస్తున్నాను. మూత్రపిండాలు పాడైనవారిని డయాలసిస్‌కు విజయవాడ తీసుకెళ్లి, తిరిగి ఇళ్ల దగ్గర దింపడం మా పని. ఆస్పత్రిలో ఎవరి వేళ వారిది. ఆ వేళ తప్పితే మంచం ఇంకొకరికి పోతుంది, మనవాళ్లు ఒళ్లంతా నీరుపట్టి ఆయాసపడుతూ కూర్చోవాలి. అలాంటి బండి ఉన్నట్టుండి వేడెక్కడం మొదలుపెట్టింది. పేట వీధుల్లో ఎంత తిప్పినా ఏమీ లేదు. హైవే ఎక్కి వేగం అందుకుంటే చాలు, నందిగామ దాటేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గర. రేడియేటర్ కడిగించాం, నీళ్ల పంపు మార్పించాం, థర్మోస్టాట్ కొత్తది వేయించాం. అయినా ఒకరోజు కంచికచర్ల దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లో ఉన్న సుబ్బాయమ్మ గారికి ఊపిరి అందడం లేదు. రోడ్డు మీద నిలబడి, వచ్చిన ప్రతి కారుకూ చేతులడ్డం పెట్టి, ఒకటి ఆగితే ఆవిడను ఎక్కించి పంపాను. ఆవిడ బతికారు. మర్నాడు ఆవిడ కోడలు వచ్చి, "ఇంకోసారి ఇట్టా అయితే మా అత్తయ్యని మీ బండెక్కించమండీ" అంది. ఆ పిల్ల తప్పేముంది?

ఆ సాయంత్రమే బండిని మస్తాన్ గారి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ ఒకటే ప్రశ్న వేశారు.

"నిలబడ్డప్పుడు కాగుద్దా, పరిగెత్తినప్పుడు కాగుద్దా?"

"పరిగెత్తినప్పుడేనండీ."

"అయితే షెడ్డులో నాకేం కనపడుద్ది చెల్లెమ్మా? పదండి, పోదాం."

అదీ ఆయన పద్ధతి. జబ్బు ఎక్కడ వస్తుందో అక్కడికే వెళ్లి చూడాలి. డ్రైవర్ పక్కన కూర్చుని కీసర వంతెన దాకా ముల్లు మీదే కళ్లు పెట్టారు. ముల్లు లేవడం మొదలుపెట్టగానే పక్కన ఆపించి, ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తి, వంగి చూస్తూ, "తొక్కవయ్యా, ఇంకా తొక్కు" అని అరిచారు. తర్వాత నన్ను పిలిచారు. రేడియేటర్ అడుగు నుంచి పంపుకు నీళ్లు తీసుకెళ్లే గొట్టం చూపించారు. మామూలుగా గుండ్రంగా ఉన్న గొట్టం, వెంకటేశ్వర్లు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ, పీల్చేసిన పాల ప్యాకెట్టులా అతుక్కుపోతోంది. కాలు తీస్తే మళ్లీ గుండ్రం. వేగంలో నీళ్లకు దారే లేదన్నమాట!

"ఈ గొట్టం ఎవరేసారు?"

"నేనేనండీ," అన్నాడు వెంకటేశ్వర్లు. "పాతది చిట్లితే, మా చేలో మోటారు గొట్టం ముక్క ఉంటే కోసి బిగించా. కొత్తదేనండీ."

"చేలో మోటారుకి నీళ్లు పీల్చే వైపు ఏం గొట్టమేస్తావ్?"

"గట్టిదండీ. లోపల చుట్టలు చుట్టలుగా ఉంటది."

"నీళ్లు తోసే వైపు?"

"మెత్తదండీ."

"ఆ మెత్తది పీల్చే వైపేస్తే ఏవవుద్ది?"

"అతుక్కుపోద్దండీ..." అంటూ వెంకటేశ్వర్లు నాలిక్కరుచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మోటార్లతో బతికినవాడు, చేలో ఏనాడూ చేయని పొరపాటు బండిలో చేశాడు. అన్నయ్య తిట్టలేదు. "చేలో తెలివి బండెక్కేటప్పుడు ఇంటో వదిలేసొచ్చావా అబ్బాయ్?" అని పకపకా నవ్వారు. లోపల స్ప్రింగు ఉన్న గొట్టం వేయించారు. ఆ రోజు నుంచి మా బండి ఆ కారణంగా ఆగలేదు, సుబ్బాయమ్మ గారు మా బండి మానలేదు.

"నిలబడి కాగితే గాలి సంగతి చూడు, పరుగులో కాగితే నీళ్ల సంగతి చూడు" అన్నది ఆయన సూత్రం. పరుగులో గాలి దానంతటదే తగులుతుందని ఆయన లెక్క. శిష్యులకు మంత్రోపదేశంలా చెప్పేవారు. అలాగని తప్పే చేయని మనిషి కాదు. ఒకసారి జి.కొండూరు నుంచి వచ్చిన జీపుకు హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేల్చి ఇంజను విప్పదీశారు. తీరా చూస్తే గ్యాస్కెట్ నిక్షేపంలా ఉంది, ఫ్యాన్ బెల్టు జారుతోంది. విప్పిందంతా తిరిగి బిగించి, బెల్టు సరిచేసి ఇచ్చి, టీకొట్టు దగ్గర అందరూ వినేలా, "ఇయాళ మస్తాన్ తప్పాడహో! మీరూ చెప్పుకోండి" అని చాటారు. గొప్పలు చెప్పుకున్నంత గట్టిగానే తప్పును కూడా చెప్పుకోగల ధీరత్వం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

డయాలసిస్ రోజుల్లో మా బండి నందిగామ దాటే వేళకు ఆయన రోడ్డు పక్కకు వచ్చి నిలబడేవారు. ఆపమని కాదు. చప్పుడు వినడానికి. చప్పుడు నచ్చితే చెయ్యెత్తేవారు. నచ్చకపోతే కీసర చేరేలోగా ఫోన్ వచ్చేది. మా పేషెంట్లు కిటికీలోంచి నమస్కారం పెట్టేవారు.

ఆయన పోయిన కొన్ని రోజులకే బండి మళ్లీ వేడెక్కింది. కంచికచర్ల ఇంకా రాలేదు, ముల్లు లేస్తోంది, బండి నిండా మనుషులు. వెంకటేశ్వర్లు నా ముఖం చూశాడు. భయపడలేదు నేను. పక్కన ఆపించి, ఆయన చేసినట్టే వంగి, "తొక్కు" అన్నాను. గొట్టం గుండ్రంగానే ఉంది. బెల్టు బిగువుగానే ఉంది. నీళ్ల చుక్క కారడం లేదు. ముందు నుంచి చూస్తే, రేడియేటర్‌కు అడ్డంగా ఉండే ఏసీ జాలీ శుభ్రంగా ఉంది. ఇంజను ఆపించి, ఆ జాలీకీ రేడియేటర్‌కూ మధ్య సందులోకి టార్చి వేసి చూశాను. దూది! పత్తి లారీల వెనకాల తిరిగీ తిరిగీ, పరుపు పరిచినట్టు పేరుకుపోయి ఉంది. వేగంలో రేడియేటర్‌కు కావలసిన గాలి అందడం లేదు. చీపురుపుల్లలతో లాగాం, పంచరు షాపులో గాలి కొట్టించాం. ముల్లు దిగింది. అందరినీ వేళకు ఆస్పత్రికి చేర్చాను.

చేర్చాక కాళ్లు నేల మీద నిలవలేదు. అన్నయ్య సూత్రం తప్పింది! పరుగులో కాగింది, కానీ నీళ్ల సంగతి కాదు, గాలి సంగతి. ఇది చెప్పి ఆయన్ను ఏడిపించాలి, ఆయన ఒప్పుకోక పోట్లాడాలి, చివరికి టీకొట్టు దగ్గర చాటాలి. ఆ ఉత్సాహంలో నంబరు నొక్కేశాను. రెండోసారి మోగేసరికి గుర్తొచ్చింది. పెట్టేద్దామనుకునేలోగా ఆయన భార్య ఖాసింబీ వదిన ఎత్తింది.

ఆయన విద్య మాలో నిలిచింది, దానికి లోటు లేదు. ఆ విద్యలో తప్పు పట్టినప్పుడు పొంగిపోయే గురువును మాత్రం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? నాకు తెలిసిన నివాళి వాక్యాలేవీ ఆ ఖాళీకి సరిపోవడం లేదు.

"ఏవైందమ్మా?" అంది వదిన.

"అన్నయ్య మాట ఒకటి తప్పని తేలింది వదినా" అన్నాను. గొట్టం, బెల్టు, జాలీ, దూది, అన్నీ చెప్పాను.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది.

మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.