చీనా మందుకు పథ్యం

తెలంగాణ వచ్చిన మూడో ఏట నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ ఆయుర్వేద దవాఖానకు మెడికల్ ఆఫీసరుగా వేశారు. మందులు కావాలంటే పైకి ఇండెంటు, అంటే కావలసినవాటి పట్టీ, పంపాలి. నేను జ్వరానికి కషాయం అడిగితే తలనూనె వచ్చేది. నా హయాంలో ఆ మండలంలోని బట్టతలల మీద అడవులు మొలిచాయి గానీ జ్వరం ఒక్కరికీ తగ్గలేదు.

కూలికి పోయే మణెమ్మ నెలనెలా జ్వరంతో వచ్చేది. ఒకరోజు పేరు పిలిస్తే గడప దగ్గరే ఆగి, "బయట ఉన్న సారూ" అంది. కనబడుతూనే ఉంది కదా, లోపలికి రమ్మన్నాను. వరుసలోని ఆడవాళ్ళ నవ్వుకు పైకప్పు రేకులు లేచిపోయాయి. 'రజస్వల' అని పుస్తకంలో చదివిన నాకు, ముట్టయిందని చెబుతోందని వెలగడానికి కాసేపు పట్టింది. ఆమె మాట ఇంకోరకంగానూ నిజమే. ఆ రోజుల్లో అత్త ఎంకమ్మ ఆమెను మేకల కొట్టంలో పడుకోబెట్టేది.

పెద్దాసుపత్రికి పంపి పరీక్షలు చేయించాను. గర్భసంచికి ఏ జబ్బూ లేదన్నారు. మిగిలింది కొట్టంలోని చలి, తడి. ఇంట్లో పడుకోనివ్వమని ఎంకమ్మకు ఏడాదిపాటు చెప్పాను. నీ గోలీలు నువ్వియ్యి, మా ఇంటి ముచ్చట మాకిడువు అనేది. ఈలోగా పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్ వాళ్ళు గర్భసంచి తీసేస్తే పీడ వదులుతుందన్నారట. మణెమ్మకు ఇంకా పిల్లలు కాలేదు.

అప్పుడే పాలమూరు బస్టాండు దగ్గర చీనా మూలికల దుకాణం వెలిసింది. అమ్మేవాడి టై మోకాళ్ళ దాకా వేలాడేదట. ఎంకమ్మ పొట్లం తెచ్చి నాకు చూపించింది. దాని మీది డ్రాగన్ కక్కే మంటకు నా బల్ల వేడెక్కింది. లోపల అతిమధురం, శొంఠి గుర్తుపట్టాను. మిగతా వేళ్ళు నా చదువుకు అందలేదు. ముట్టు వేళ చలి తగిలితే ఒంట్లో వేడి 'నెత్తుటి గది'లోకి, అంటే గర్భసంచిలోకి, దూరి జ్వరం వస్తుందని వాళ్ళ శాస్త్రమట. అందుకని మందుకు పథ్యం: ఆ రోజుల్లో ఇంట్లోనే కప్పుకొని పడుకోవాలి.

నేను చెప్పిందీ అదే. కానీ చీనావాళ్ళ మాట గనక ఎంకమ్మ తన మంచమే ఖాళీ చేసి ఇచ్చింది. ఆ నెల జ్వరం రాలేదు. పై నెలా రాలేదు. మందు పనిచేసిందో మంచం పనిచేసిందో తేల్చే ఆధారం నా దగ్గర లేదు. నా అనుమానం మాత్రం మంచం మీదే.

అంతలో దుకాణం ఎత్తేశారు. మణెమ్మ ఒక్కతే వచ్చింది. "ఎట్లన్న జేసి గా మందియ్యి సారూ. పిల్లలు గాకముందే నన్ను కొయ్యనీకి జూస్తున్నరు."

అతిమధురం, శొంఠి పొట్లం కట్టి, పైన నాకు చేతనైన చీనా లిపి గీకాను. డ్రాగన్‌ను కూడా వేశాను, తొండలా వచ్చింది. ఎంకమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"గిది చీనోళ్ళది గాదు, నీ రాతనే సారూ. చిట్టీల మీద గూడ గిట్లనే గీకుతవు."

మణెమ్మ మళ్ళీ కొట్టంలోకి పోయింది. జ్వరం మళ్ళీ వచ్చింది. చలికాలం లోపే ఆపరేషన్ చేయించారు. కుట్లు చూపించడానికి వచ్చినప్పుడు ఎంకమ్మే మాట్లాడింది. "ఇగ ఏ ఫికర్ లేదు సారూ. అన్ని దినాలు ఇంట్లనే పండుకుంటది."

పథ్యం చెప్పే అధికారం సర్కారు డాక్టరుకు ఇచ్చింది. అమలు చేసే అధికారం అత్త చేతిలో ఉంది. చిట్టీ రాసేముందు ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా అడుగుతూనే ఉన్నాను. జవాబు తెలిసేది, దానికి మందు మాత్రం ఏ ఇండెంటులోనూ రాలేదు.