రేపల్లె మిల్లులో రేకుల చప్పుడు

డెబ్బైల మొదట్లో నేను ఒక డాక్యుమెంటరీ యూనిట్లో శబ్దం రికార్డు చేసేవాణ్ణి. పద్యాలకూ పాటలకూ పేరుమోసిన ఒక గాయని మా వైపు మూడు ఊళ్లలో కచేరీలు చేస్తుంటే, ఆవిడ వెంట తిరిగి సినిమా తీసే పని మాకు పడింది. తెనాలిలోనూ, మా సొంతూరు బాపట్లలోనూ అంతా సవ్యంగా జరిగింది. మూడోది రేపల్లె.

అక్కడ అంత జనం పట్టే హాలు దొరకక, ఒక రైసు మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద స్టేజీ కట్టారు. కెమెరాకు వెలుతురు కావాలని సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టారు. పక్కనున్న నగరం అనే ఊరి వైపు నుంచి బస్సుల టాపుల మీద కూడా ఎక్కి వచ్చారు జనం. గచ్చుకు ఒక పక్కన పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. ఎండకు తాళలేక ఆడవాళ్లు పిల్లల్ని వేసుకుని దాని కింద కూర్చున్నారు. కూర్చునే చోటు దొరకని కుర్రాళ్లు గోడ పట్టుకుని రేకుల మీదికి ఎక్కారు.

జనం చప్పట్ల కోసం నేను రెండో మైకును ఆ షెడ్డు స్తంభానికి కట్టాను. మూడో పాట నడుస్తుండగా హెడ్‌ఫోన్లలో కిర్రుమని ఏదో వినిపించింది. వైరు వదులైందనుకుని సరిచేశాను. మళ్లీ అదే చప్పుడు. ఈసారి దాని వెనకే, చెక్కలోంచి మేకు ఊడుతున్నట్టు టక్కుమంది. తలెత్తి చూశాను. షెడ్డు నడిమి దూలం మీద నుంచి సన్నగా పొడి రాలుతోంది. దాని కింద ఒక తల్లి బిడ్డకు పాలిస్తోంది.

అరుద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. మిల్లుకు ఉన్నది ఒకటే గేటు. అరిస్తే అందరూ అటే పరిగెడతారు.

కెమెరా దగ్గరున్న డైరెక్టరు గారి పక్కకు వెళ్లి చెవిలో చెప్పాను.

"పాట అవనీవయ్యా, రీలు తిరుగుతోంది," అన్నారాయన కెమెరా మీంచి చూపు తిప్పకుండా.

నేను తిరిగొచ్చి నా చోట కూర్చున్నాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒక చరణమంతా అలాగే కూర్చుని, దూలం విరుగుతున్న చప్పుడు నేనొక్కణ్ణే వింటూ ఉన్నాను. మరోసారి టక్కుమనేసరికి ఇక కూర్చోలేకపోయాను. హార్మోనియం ఒక్కటే వాయిస్తున్న సందు చూసుకుని, వంగి స్టేజీ ఎక్కి ఆవిడ చెవిలో చెప్పాను.

"అమ్మగారూ, షెడ్డు కూలేట్టుందండి. కింద ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారండి."

ఆవిడ అటు చూశారు. ముఖంలో ఏమీ కనిపించలేదు గానీ, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నారు. తర్వాతి పాదం పాడి, నవ్వుతూ మైకులో అన్నారు:

"అమ్మా, షెడ్డు కిందున్న తల్లులూ! మీ మొహాలు చూడకుండా నాకు పాట రావట్లేదమ్మా. పిల్లల్ని తీసుకుని మెల్లగా నా దగ్గరికొచ్చి కూర్చోండి. మగవాళ్లు కాస్త ఎనక్కి జరిగి దారియ్యండయ్యా. పైనున్న తమ్ముళ్లూ, మీరు మాత్రం కదలొద్దు. నే పిలిచాక ఒక్కొక్కళ్లే దిగుదురుగాని."

నవ్వుకుంటూ లేచి వచ్చారు ఆడవాళ్లు. ఆవిడ మధ్యమధ్య ఒక పాదం పాడుతూ, మళ్లీ పిలుస్తూ ఉన్నారు. చివరికి షెడ్డు కింద ఒక ముసలావిడ మిగిలింది. నేను లోపలికి పరిగెత్తాను.

"మామ్మా, లే. పద."

"నేనెక్కడికొస్తానయ్యా, మోకాళ్లు పట్టేసినయ్. ఇక్కడికే బానే వినబడతంది."

మా తలల మీద రేకు ఒకటి కుంగింది. ఇద్దరం చస్తామనుకున్నాను. వదిలి పారిపోవాలనీ అనిపించింది. నా కాళ్లు నిజంగానే బయటికి తిరిగాయి. అప్పుడావిడ నా చొక్కా పట్టుకుంది, లేపమని. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాను.

కుర్రాళ్లు ఒక్కొక్కళ్లే దిగుతున్నారు. ఇద్దరు పైనుండగానే నడిమి దూలం విరిగి, రేకులు పెద్ద చప్పుడుతో కింద పడ్డాయి. దుమ్ము కమ్మేసింది. జనం కేకలు పెడుతూ గేటు వైపు తిరిగారు. స్టేజీ మీద గాయని ఒక్క క్షణం కూడా ఆగకుండా గొంతెత్తి పద్యం అందుకున్నారు. గేటు వైపు తిరిగినవాళ్లు నిలబడిపోయారు. పడిన ఇద్దరిలో ఒకడికి చెయ్యి విరిగింది, ఇంకొకడికి నుదురు చిట్లింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు.

తర్వాత మిల్లు ఆఫీసు గదిలో ఆవిడ సోడా తాగబోతే సగం చీర మీద ఒలికింది.

"భయమేసిందా నాయనా?"

"వేసిందండి. ముందే రావాల్సిందండి నేను. కాసేపు ఊరికే కూర్చున్నానండి."

ఆవిడ ఫర్లేదనలేదు. "వచ్చావుగా," అని మాత్రం అన్నారు.

డైరెక్టరు గారు రేపల్లె రీలును సినిమాలో ఉంచలేదు. నన్ను కూడా ఆ తర్వాత పనికి పిలవలేదు. బాపట్లలోనే రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను.