సూరి తల ఊపిన పంచె

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో తెలుగు సంఘం వాళ్లు ఏటా ఒక వేడుక చేస్తారు. ముత్తాతలు సముద్రం దాటి వచ్చి, ఓడ దిగి ఈ పరాయి దేశపు రేవులో అడుగుపెట్టిన ఘట్టాన్ని కుర్రాళ్లు ఆడి చూపిస్తారు. ఆ కాలపు బట్టలు ఎవరివి వాళ్లే చేత్తో కుట్టుకోవాలన్నది సంఘంలో పెద్దావిడ వెంకమ్మ పెట్టిన నియమం. సూది పట్టడం తెలియనివాళ్లకు ఆదివారాలు ఆవిడే నేర్పుతుంది. పక్కనుండి సాయం చేసేది సూరి.

సూరి ఉండేది తాకేటా పేటలో. మిగతా రోజులన్నీ దర్జీ కొట్లో మిషను తొక్కుతాడు. అక్కడ అతని పేరు ఎవరికీ అక్కర్లేదు, జాకెట్టు ఎప్పుడిస్తావన్నదే కావాలి. ఆదివారం మాత్రం అందరూ, ఈ దేశపు మాటలో అన్నా అని పిలిచినట్టు, "కో సూరి" అంటూ చుట్టూ మూగుతారు. వెంకమ్మకు చూపు తగ్గుతోంది. వచ్చే ఏడు ఈ తరగతి తనకే అప్పగిస్తుందని సూరి ఆశ. బతుకులో అతను గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

ఈ ఏడు త్రినాథ్ వచ్చాడు. ఊరి నడిబొడ్డున చౌక్తడా పేటలో ఆఫీసు గుమస్తా. ఇస్త్రీ చొక్కా, మెత్తని వేళ్లు. సూది పట్టడం అదే మొదలు, అయినా గీత గీసినట్టు కుట్టుకుంటూ పోయాడు.

"ఏటి బాబూ, మీ అమ్మ కడుపులోనే నేర్సీసినావేటి?" అని వెంకమ్మ మురిసిపోయి, ఆ కుట్టును అందరికీ తిప్పి చూపించింది.

సూరి కుట్టును ఆవిడ ఏనాడూ అలా తిప్పలేదు. ఆ రోజు నుంచి త్రినాథ్ నవ్వినా, తుమ్మినా సూరికి ఒళ్లు మండేది.

అంతవరకూ పంచెలు ఎవరింట్లోవో అరువు తెచ్చేవారు. ఈసారి అవీ కుట్టుకోవాలన్నారు. బట్టల తానులోంచి గుడ్డ చింపి, పోగులు ఊడకుండా రెండు కొసలూ మడిచి కుట్టాలి, అంతే పని. త్రినాథ్ రెండు కొసలూ దగ్గరకు చేర్చి ఒకదానికొకటి కలిపి కుట్టడం మొదలెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచీ లుంగీ తప్ప కట్టనివాడు మరి, నడుముకు చుట్టే గుడ్డ ఏదైనా గొట్టంలాగే ఉండాలనుకున్నాడు.

"కో సూరీ, ఇలాగేనా?"

సూరి చూశాడు. నవ్వు ఆపుకున్నాడు. తల ఊపాడు.

వేడుకకు ముందు అందరూ బట్టలు కట్టి చూసుకున్నారు. త్రినాథ్ పంచెలో దిగాడు. చుట్టూ గుడ్డ కుప్ప. గోచీ పెట్టడానికి కొస ఎక్కడా దొరకదు. తోటి విద్యార్థిని భానుప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మా! మీ ఇంటిల్లిపాదికీ ఒకటే లుంగీయేటి?"

హాలు గొల్లుమంది. సూరి ప్రాణం చల్లబడింది. త్రినాథ్ కూడా నవ్వేశాడు.

"నాకేటి తెల్సు? కో సూరిని అడిగే కుట్టినాను. సరే అన్నాడు."

నవ్వులు ఆగాయి. వెంకమ్మ సూరి వైపు తిరిగింది. "ఏరా, నిజమేనా? పంచెకి కొసలు కలపకూడదని నీకు తెల్దా?"

తెలుసంటే కావాలనే చేశాడని తేలిపోతుంది. తెలియదంటే తరగతి పోతుంది. త్రినాథ్ ముఖంలో అనుమానం మచ్చుకైనా లేదు. అదే సూరిని మరింత కాల్చింది.

"తెల్దత్తా," అన్నాడు. "నేనూ లుంగీలోడినే గదా."

నమ్మలేదని ఆవిడ చూపులోనే తెలిసిపోయింది.

"అలాగైతే నేర్సుకోడానికి నువ్వూ ఆళ్లతో కూకో నాయనా," అని బెంచీ చూపించింది.

సూరి వెళ్లి త్రినాథ్ పక్కన కూర్చున్నాడు. పంచె కుట్టు విప్పడం మొదలెట్టారు, పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు.

"నెమ్మదిగా కో సూరీ, గుడ్డ సిరిగిపోద్ది," అని త్రినాథ్ జాగ్రత్తలు చెబుతున్నాడు.

త్రినాథ్ వేసిన కుట్లు ఎంత దగ్గరగా పడ్డాయంటే బ్లేడు మొన దూరే సందు లేదు. తన చేత్తో కుడితే అంత బాగా వచ్చేది కాదని సూరికి తెలుసు.