రెస్టు రోజు జ్వరం

ఆ ఏడాది దీపావళికి నేను కూరిన మతాబులు ఒక్కటీ సరిగ్గా వెలగలేదు. గంధకం తప్పు కాదు, నా చేతి తప్పు అసలే కాదు. గాలిలో చెమ్మ. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం మా శ్రీకాకుళం చుట్టాల్లాగే టికెట్టు లేకుండా బయల్దేరి, మేముండే బిలాస్‌పూర్ దాకా వచ్చి, పండగ అయిపోయినా కదల్లేదు. నా మతాబుల గురించి ఎవరూ బాధపడలేదు గానీ, అదే వాన ఊరవతల మస్తూరీ పొలాల్లో కోసి పరిచిన వరి మీద కూడా కురిసింది.

ఎనభైల చివరి మాట ఇది. నేను గూడ్స్ గార్డుని. బీయెస్సీ చదివి పచ్చజెండా ఊపేవాణ్ణి. క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో మాకో గేదె ఉండేది, పేరు రాణి. యజమానురాలు నా భార్య సరోజిని. రెస్టు రోజుల్లో నేను దాని పాలేరుని. ఏటా మస్తూరీ నుంచి ఒక రైతు వరిగడ్డి తెచ్చి షెడ్డులో పేర్చి వెళ్ళేవాడు. ఆసారి తెచ్చిన గడ్డి పైకి చల్లగా, లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పుల్లటి వాసన.

"ఇదేటి, తడిగడ్డి తెచ్చీసినావు?" అంది సరోజిని.

"కా కరబో బాయీ, పానీ గిర్ గే," అన్నాడతను. ఏం చేస్తామమ్మా, వాన పడిపోయింది అని. ఆ గడ్డినే షెడ్డులో పేర్పించాం.

కొన్ని వారాల తర్వాత ఒక రెస్టు రోజున పొద్దున్న రాణికి గడ్డి వేసి, స్నానం చేసి, భోంచేసి పడుకున్నాను. దీపాలు పెట్టే వేళకి చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. పొడిదగ్గు. ఛాతీ మీద ఎవరో నా గార్డు పెట్టె దించి వెళ్ళినట్టు బరువు. మర్నాడు సగం తగ్గింది. డ్యూటీకి వెళ్ళాను. షహడోల్ చేరేసరికి పూర్తిగా తగ్గింది. తర్వాతి రెస్టుకి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతి రెస్టుకీ అంతే.

డాక్టరు రక్తం తీయించారు. "Smear negative. అయినా malaria లేదని చెప్పలేం," అని chloroquine రాశారు. చెవుల్లో గుయ్యిమని మోత తప్ప ఏమీ మారలేదు. తోటి గార్డు అప్పారావు మాత్రం రోగం కనిపెట్టేశాడు. "అందరూ డ్యూటీ రోజున సిక్ అవుతారు. నువ్వేటిరా, రెస్టు రోజున సిక్ అవుతున్నావు? ఇది యూనియన్‌కే చెడ్డపేరు."

నవ్వాను. కానీ స్టేషన్లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మధ్యలో ఆగి, టైమ్ టేబుల్ చదువుతున్నట్టు నటించాల్సి వచ్చిన రోజున నవ్వు రాలేదు. వేసవిలో నాకు రైల్వే వాళ్ళ medical పరీక్ష ఉంది. అందులో ఊపిరి చాలకపోతే లైను మీంచి దించి ఏదో ఆఫీసులో కుర్చీ ఇస్తారు. కుర్చీ మంచిదే. కదలదు, అంతే.

X-ray తీశారు. "రెండు lungs లోనూ haziness ఉంది. ESR ఎక్కువ. TB కావచ్చు." కళ్ళెలో ఏమీ దొరకలేదు. అది తేలేవరకూ సిక్ లీవులో పెట్టి, ఇంట్లో పూర్తి rest తీసుకోమన్నారు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. పాపం సరోజినికి సాయంగా ఉంటుందని రాణి పనంతా నేనే తీసుకున్నాను. ఇక జ్వరం రెస్టు రోజుల కోసం కాచుకోవలసిన అవసరం లేకపోయింది.

చివరికి admit చేశారు. ఆసుపత్రిలో మందేమీ మొదలుపెట్టకముందే వారంలో కోలుకున్నాను. ఇంటికి పంపారు. మర్నాటి సాయంత్రానికి మళ్ళీ అదే మంచం మీద ఉన్నాను. నర్సు నా దుప్పటి ఇంకా మార్చలేదు.

అప్పుడు వచ్చారు chest doctor, ఒక బెంగాలీ ఆవిడ. కాగితాలు పక్కన పెట్టి హిందీలో అడిగారు.

"డ్యూటీలో జ్వరం వస్తుందా?"

"రాదు మేడమ్."

"ఇక్కడ?"

"రాలేదు."

"ఇంట్లో?"

"తప్పకుండా వస్తుంది."

ఆవిడ నెమ్మదిగా సరోజిని వైపు చూశారు. సరోజిని నాతో తెలుగులో గొణిగింది: "ఆవిడ నన్నెందుకు చూస్తంది? నానేటి చేసినాను?"

ఇంట్లో మీరేం చేస్తారని అడిగితే గర్వంగానే చెప్పాను. సరోజిని అయితే గడ్డి మీద నీళ్ళు చల్లి వేసేస్తుంది. నేను అలా కాదు. చదువుకున్నవాణ్ణి. బూజు రాణి కడుపులోకి పోకూడదని షెడ్డు తలుపు వేసుకుని, ఒక్కొక్క కట్టనూ బాగా దులిపి వేస్తాను.

డాక్టరు గారు పెన్ను మూశారు. "దీన్ని farmer's lung అంటారు. Infection కాదు, TB కాదు. తడిసిన గడ్డిలో పెరిగిన బూజుకి మీ lungs react అవుతున్నాయి."

"మరి మా ఆవిడకి రాలేదే?"

"అందరికీ రాదు. మీరు special."

రైల్వేలో నన్ను ఆ మాట అన్నది ఆవిడొక్కరే. బూజు గేదె లోపలికి పోకుండా కాపాడి, నా ఊపిరితిత్తుల్లో భద్రం చేశానన్నమాట.

Prednisolone అనే steroid మాత్రలు ఇచ్చారు. మొహం గుమ్మడికాయలా గుండ్రమైంది, ఆకలి పెరిగింది, ఊపిరి తిరిగొచ్చింది. గడ్డి జోలికి పోవద్దన్నారు. పోలేదు, ఒక్కసారి తప్ప. సరోజిని ఉస్లాపూర్‌లో పెళ్ళికి వెళ్ళింది. రాణి అరుస్తోంది. మొహానికి తువ్వాలు కట్టుకుని రెండు కట్టలు వేశాను. తువ్వాలు బూజుని ఆపదని బీయెస్సీలో చెప్పలేదు. ఈసారి oxygen పెట్టారు.

డాక్టరు గారు కోప్పడలేదు. అందుకే భయమేసింది. "మళ్ళీ మళ్ళీ ఇలాగైతే fibrosis వస్తుంది, lungs గట్టిపడిపోతాయి. అది వెనక్కి పోదు. అప్పుడు మిమ్మల్ని unfit అనక తప్పదు."

సరోజిని మర్నాడే మస్తూరీకి కబురు పంపింది. రైతు వచ్చిన రోజున రాణి నుదుట పసుపు కుంకుమ పెట్టి, పలుపు అతని చేతికిచ్చి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

వేసవిలో medical జరిగింది. డాక్టరు stethoscope పెట్టి చాలాసేపు విన్నారు. చివరికి "Fit" అన్నారు. ఆ మాట మళ్ళీ అనిపించుకోవాలనిపించింది గానీ, అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ప్యాసింజరు బండి గార్డుని. X-ray లో చిన్న పాత నీడ ఒకటి ఉంది, దాని మానాన అది ఉంటుంది. బ్రిడ్జి మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. కోతల వేళ ఆకాశం మబ్బేస్తే రైతు వరి గురించి చూస్తాడు, నేను గాలి ఎటునుంచి వీస్తోందో చూస్తాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్వరం ఎప్పుడు వస్తుందో డాక్టరుకి అందరూ చెబుతారు. ఎక్కడ ఉంటే రాదో కూడా చెప్పండి. నాకు రెండు ఊపిరితిత్తులు మిగిలింది ఆ ఒక్క జవాబు వల్లే.

మొన్న పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చినావిడ, పాలవాడు పోసిన నీళ్ళపాలు చూస్తూ సరోజినిని అడిగింది: "మీకు గేదుండీదట కదొదినా, ఎందుకు పంపించీసినారు?"

నేను వరండాలోనే బూట్లు తుడుచుకుంటున్నాను. సరోజిని గొంతేమీ తగ్గించలేదు.

"పాలిచ్చినదాన్ని పంపించీసి, దగ్గినోడ్ని అట్టిపెట్టుకున్నాను."