ఎస్తేరమ్మ సీసాలు

యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసిన ఎస్తేరమ్మకు ఉజ్జాయింపు అంటే ఒళ్లు మంట. తార్నాకలో ఇంట్లో కూడా అంతే. ఆదివారం చర్చి నుంచి రాగానే కాఫీ గింజలు తూచి, ఏడు చిన్న సీసాల్లో పోసి మూతలు బిగించేది. రోజుకో సీసా, భార్యాభర్తలిద్దరికీ సరిగ్గా సరిపోయేది.

ఆసుపత్రికి వెళ్లే రోజు కూడా నింపే వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు.

భూస్థాపన జరిగిన మర్నాడు ఆమె భర్త ఆశీర్వాదం ఒక సీసా తీసి, గింజలు పొడి చేసి, అలవాటుగా ఫిల్టరులో రెండు కప్పుల నీళ్లు పోశాడు. డికాషన్ నీళ్లలా దిగింది.

"ఇన్నేళ్లకి కొలత తప్పావేంటే, ఎస్తేరూ!" అని ఫొటో మీద కసిరాడు.

కోపంగా మిగిలిన ఆరు సీసాలూ ఆమె త్రాసులోనే తూచాడు. అన్నిట్లోనూ సరిగ్గా ఒక్కరికి సరిపడా గింజలున్నాయి.