ముడి వేయని పని

దబీర్‌పురా స్టేషన్‌లో ఆ మధ్యాహ్నం బండి రాలేదు. శహర్‌లో లొల్లి మొదలైందని, దుకాణాలు మూసేస్తున్నారని ప్లాట్‌ఫారం మీద గుసగుసలు. నేనొక సాహెబు దగ్గర గుమాస్తాను. ఆయన చెప్పిన మూడు పనులు మరిచిపోకుండా రుమాలు నాలుగు మూలల్లో మూడింటికి ముళ్లు వేసుకుని, వాటినే తడుముకుంటూ కూర్చున్నాను.

పక్కన ఖాళీ పాలబిందెతో ఒక పెద్దామె కొంగు ముళ్లు విప్పుతోంది.

"హోటలోన్ని పాల పైసలు రేపడుగుత," అని ఒకటి విప్పింది. "ఆడబిడ్డ ఇంటికి ఎన్నడన్న పోత," అని ఇంకోటి విప్పింది. మూడోదాన్ని మాత్రం బిగించింది. "పిల్ల పేరు బడిల రాయియ్యాలె. ఇయ్యాలే ఆఖరు. బండి లేకుంటే నడుస్త."

తర్వాత నా రుమాలు చూసింది. "నీయేంది బిడ్డా?"

"సాహెబు షేర్వాణీ తేవాలె, అత్తరు కొనాలె, ఆయన రాసిన ఖతు ఒకటి ఇచ్చి రావాలె."

"గవన్నీ ఆయనయే గద. నీదేది?"

నాదీ ఒకటుంది. మెట్రిక్ పరీక్ష దరఖాస్తు జేబులోనే ఉంది, గడువు ఆ సాయంత్రమే. నా పనే కదా, ముడి ఎందుకనుకున్నాను. మరిచిపోలేదు; చివరికి పెట్టుకున్నానంతే.

"నడుస్తవా?" అంటూ ఆమె లేచింది.

తలుపులు దబదబ మూసుకుంటున్న గల్లీల్లో ఇద్దరం పరుగులాంటి నడక నడిచాం. బడి సందు రాగానే ఆమె వెనక్కి చూడకుండా మలుపు తిరిగింది. నేను పరీక్షల ఆఫీసు చేరేసరికి అక్కడి గుమాస్తా తలుపుకు తాళం వేయబోతున్నాడు. తిట్టుకుంటూనే దరఖాస్తు తీసుకున్నాడు.

తన పనులు ఒక్కటీ కాలేదని మర్నాడు సాహెబు నన్ను కొలువులోంచి తీసేశాడు. ఇంటికొచ్చి ఆ మూడు ముళ్లు పళ్లతో లాగినా ఊడలేదు. మూలలతో సహా కత్తెరతో కోసేశాను.

ఆ రుమాలు ఇంకా ఉంది. రోజూ పొద్దున్నే, మిగిలిన ఆ ఒక్క మూలకే నా పనికని ముడి వేస్తాను.